పన్నెండేళ్ళు చదివినా చాలదట!

నైజీరియాలో బడి చదువు ఆరేళ్ళు ప్రైమరీ, మూడేళ్ళు జూనియర్ సెకండరీ, మూడేళ్ళు సీనియర్ సెకండరీ. మొత్తం పన్నెండేళ్ళు. మన పదో తరగతికి ఇంటర్ కలిపితే వచ్చేదీ పన్నెండే కదా! కానీ ఆ పన్నెండేళ్ళూ చదివి, మంచి గ్రేడ్లు తెచ్చుకున్న లాగోస్ అమ్మాయి ఇంగ్లండులో డిగ్రీకి దరఖాస్తు పెడితే, ఇంకో ఏడాది ఫౌండేషన్ కోర్సు చేసి రమ్మనే యూనివర్సిటీలే ఎక్కువ. సీనియర్ సెకండరీ చివర రాసే వాయెక్ పరీక్షని అక్కడివాళ్ళు తమ పదహారేళ్ళ పిల్లలు రాసే జీసీఎస్‌ఈతో సమానంగా లెక్కేస్తారు. తరవాతి రెండేళ్ళ ఎ లెవెల్స్ మాటేమిటంటారు.

ఆ పిల్ల చదువు తక్కువదనా దీనర్థం? నేనైతే ఒప్పుకోను.

కాస్త వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు నైజీరియాలో ఉన్నది బ్రిటిష్ వాళ్ళు పెట్టిన పద్ధతే. ఆరేళ్ళు ప్రైమరీ, ఐదేళ్ళు సెకండరీ, రెండేళ్ళు సిక్స్త్ ఫారం, మూడేళ్ళు డిగ్రీ. 1982లో దాన్ని మార్చి 6-3-3-4 తెచ్చారు. సిక్స్త్ ఫారం రెండేళ్ళలో ఒకటి బడిలో కలిసింది, ఇంకోటి యూనివర్సిటీలో కలిసింది. కూడి చూడండి, అప్పుడూ పదహారేళ్ళే, ఇప్పుడూ పదహారేళ్ళే. ఇంగ్లండులో డిగ్రీ మూడేళ్ళు, నైజీరియాలో మామూలు డిగ్రీ నాలుగేళ్ళు. అంటే ఫౌండేషన్ అని అడుగుతున్న ఏడాది వాళ్ళ దేశంలో డిగ్రీ లోపలే ఉంది. అది అమ్మాయి వెనకబాటు కాదు.

తమాషా ఏమిటంటే, ఇంగ్లండులో 1988లోనే జీసీఎస్‌ఈ వచ్చి ఓ లెవెల్‌ని పక్కకి నెట్టేసినా, నైజీరియాలో ఇప్పటికీ వాయెక్‌ని ఓ లెవెల్ అనే పిలుస్తారు. పేరు అలా ఉన్నాక అవతలివాళ్ళు అలాగే చూడరూ!

అయితే తేడా అసలు లేదనడమూ తప్పే. ఎ లెవెల్‌లో ఎక్కువమంది తీసుకునేది మూడు సబ్జెక్టులే, రెండేళ్ళూ వాటిలోనే మునిగి ఉంటారు. వాయెక్‌కి ఎనిమిదో తొమ్మిదో సబ్జెక్టులు. అన్నీ చదివిన పిల్లకి ఒక్కోదాంట్లో అంత లోతు ఉండదు. మన పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైనవాళ్ళని చాలా బ్రిటిష్ యూనివర్సిటీలు నేరుగా మొదటి ఏడాదిలో చేర్చుకుంటాయి. మన పిల్లలు ఆఖరి రెండేళ్ళూ ఎంపీసీ, బైపీసీ అంటూ కొద్ది సబ్జెక్టులకే అంటిపెట్టుకోవడమే అందుకు కారణమేమో అనిపిస్తుంది నాకు.

మధ్యలో బడి మార్చాలనుకునేవాళ్ళకి జూనియర్ సెకండరీ మూడో ఏడు అయ్యాకే అదను. అప్పటికి పిల్ల వయసు దాదాపు ఇంగ్లండులో ఇయర్ 9 ముగించే పిల్లల వయసే. ఇయర్ 10, 11 కలిపి జీసీఎస్‌ఈకి రెండేళ్ళ చదువు కాబట్టి మొదటినుంచీ అందుకుంటుంది. సీనియర్ సెకండరీ రెండో ఏట తీసుకెళ్తే అటూ ఇటూ కాకుండా పోతుంది.

కానీ అసలు బరువు ఆ ఫౌండేషన్ ఏడాది ఖర్చుది. ఫీజు పౌండ్లలో కట్టాలి. 2023 జూన్ తరవాత నైరా విలువ దారుణంగా పడిపోయింది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అదనపు ఏడాది ఒక్కరికే పెట్టగలిగితే అది ఎవరికి దక్కుతుంది? ఈ ప్రశ్న మనకీ కొత్తకాదు. 1944లో లాగోస్‌లో పుట్టిన రచయిత్రి బూచీ ఎమెచెటాని చిన్నప్పుడు ఇంట్లో ఉంచి తమ్ముణ్ణి బడికి పంపారు. ఆమె పట్టుబట్టి బడికెళ్ళింది, స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. పదహారేళ్ళకే పెళ్ళి చేసుకుని, తరవాత భర్తని విడిచి, ఐదుగురు పిల్లల్ని పెంచుతూ లండన్‌లో డిగ్రీ చదువుకుంది.

అందుకే నైజీరియాలోని ఏ తల్లి అడిగినా నేను చెప్పేది ఇదే. కూతురు సీనియర్ సెకండరీలో చేరే రోజునే లెక్క వేసుకోండి. ఎ లెవెల్స్ ఊళ్ళోనే చెప్పే ప్రైవేటు కాలేజీలున్నాయి, ఫౌండేషన్ ఖర్చుతో పోల్చి చూడండి. వాయెక్ ఇంగ్లీషులో సి6 వస్తే చాలా యూనివర్సిటీలు వేరే ఇంగ్లీషు పరీక్ష అడగవు. ఆ పరీక్ష ఫీజు కట్టేముందు యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాసి కనుక్కోండి.