వెబ్‌సైటు పేరు మార్చు సోదరీమణులకు

ఇంట నూరగాయలు పెట్టి వెబ్‌సైటు మూలమున నమ్ముకొను సోదరీమణులు, డొమైను పేరు మార్చినంతనే గూగులు వెదకుడులో వెనుకబడుట కలదు. ఇల్లు మాఱినవారు తపాలా కచేరికి క్రొత్త విలాసము తెలుపకున్న జాబులు చేరునా? ఇదియు నట్టిదే.

పాత పుట నొక్కొక్కదానిని దానికి సరియగు క్రొత్త పుటకు 301 అను శాశ్వతపు మళ్లింపుతో జేర్పవలెను. అన్నిటిని మొదటి పుటకే మళ్లించుట తగదు. పిమ్మట సెర్చ్ కన్సోలులో చిరునామా మార్పును దెలుపవలెను. కొన్ని వారములు స్థానము హెచ్చుతగ్గులగుట సహజము; బెదరవలదు.

మళ్లింపును కనీస మొక సంవత్సరమైన నుంచుడని గూగులువారే చెప్పుచున్నారు. పాత పేరునకు రుసుము మానినచో నితరులు దానిని గొనవచ్చును. ఏండ్లతరబడి గడించిన మంచిపేరు పరులపాలగును. కావున పాతపేరును విడువవలదని మా మనవి.