ఇంటివైద్యము : ముక్కు కడుగుకొను విధము

గత మాసమున ఈ పుటలలో కండ్లకలకను గూర్చి వ్రాసితిమి. పడిశమును, దాని వెంబడి దిగబడు పీనసమును గూర్చి వ్రాయుమని సోదరీమణులు పలువురు కోరియున్నారు. మంచు కురియు దినములలో ఇట్టి కోరిక వచ్చుట వింత కాదు. ఈ బాధకు మా యింటనే స్థిరనివాసమున్నది గావున, అనుభవమునకు వచ్చినదానినే వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు. పదునైదేండ్లుగా సుద్దపొడి పీల్చుచున్నారు. మార్గశిరము వచ్చినదనిన ముక్కు రెండు వైపులను బిగిసి, కనుబొమల నడుమ బరువెక్కి, తల వంచినంతనే చెంపలు పగిలిపోవునట్లుండును. ఉదయపు తొలి గంటలో పద్యము రాగమున చదువవలసిన గొంతు మూసికొనిపోవుటచే పిల్లలు పుస్తకముల చాటున నవ్వుదురట. ముక్కులో వేయు చుక్కలమందు మొదటి మూడు దినములు మహిమ చూపి, పిదప అది లేనిదే ముక్కు తెఱచుకొనని దుస్థితి తెచ్చిపెట్టినది. తుదకు చెవి ముక్కు గొంతు వైద్యులొకరు ఆ చుక్కలు మాన్పించి, ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుమని చెప్పి పంపిరి.

దీనికి నేతి యని పేరు. ఈ మాట మా యింట చిన్న ప్రహసనమునకు కారణమైనది. మావారు వచ్చి, "రేపటినుండి నేతి చేయాలట" అనగా, మా అత్తగారు వంటింటినుండి, "వెన్న కాచి రెండు రోజులే అయింది, కావలసినంత ఉంది" అని నేతిగిన్నె తెచ్చి యెదుట పెట్టిరి. పొడిబారిన ముక్కున రెండు నేతిచుక్కలు వేయుట వారెఱిగిన వైద్యమే గదా! ఇందు నెయ్యి లేదని తెలిసిన తరువాత, "అయితే నేతిబీరకాయ వంటిదన్న మాట" అని నవ్వి లోపలికి బోయిరి.

ఇది మన పూర్వుల శాస్త్రమేనా యని కొందఱడుగుదురు. హఠయోగప్రదీపికలో చెప్పబడిన షట్కర్మములలో నేతి యొకటి. అయితే అందు చెప్పినది నీరు గాదు, దారము. దానిని ముక్కున దూర్చి నోటినుండి తీయుదురు. ఘేరండసంహితలోను నేతి యనగా దారమే. ముక్కుతో నీరు పీల్చి నోట విడుచుటను ఆ గ్రంథము వ్యుత్క్రమమను పేర కపాలభాతి భేదములలో చేర్చినది. ఆయుర్వేదము చెప్పు నస్యము వేఱు. అందు తైలాదులను చుక్కలుగా వేయుదురు. పేరు పాతదని చెప్పి ఈ మూడింటిని ఒకే మూట గట్టుట మాకు సమ్మతము గాదు. నేడు వైద్యులు చెప్పునది ఒక ముక్కుపుటమున పోసిన ఉప్పునీరు రెండవ పుటమునుండి వెడలునట్టి పద్ధతి.

దీనివలన కలుగు మేలు సులభముగనే బోధపడును. నుదుట, చెంపలలో, కండ్ల నడుమ, వాని వెనుకను ఎముకల లోపల గాలిగదులు కలవు. వాని ద్వారములన్నియు ముక్కులోనికే తెఱచియుండును. చెంపల గదికి ద్వారము అడుగున గాక పైభాగమున నున్నది. కావున అందలి శ్లేష్మము తనంతట జారి పడదు, సన్నని నూగువంటి కేశములు దానిని పైకి నెట్టవలెను. పడిశముచే లోపలి పొర వాచిన ద్వారము మూతపడి, శ్లేష్మము నిలిచి బరువును నొప్పిని కలిగించును. ఉప్పునీరు చిక్కని శ్లేష్మమును, దుమ్మును, పుప్పొడిని కడిగివేయుటచే ఆ కేశములకు పని తేలికయగును. అంతియే. ఇది పడిశమును మాన్పు మందు గాదు. బాధను తగ్గించు ఉపాయము.

ఇక నీటి సంగతి. ఈ వ్యాసమున మఱి యేది మఱచినను దీనిని మఱవరాదు. త్రాగుటకు మంచినీరైనది ముక్కునకు మంచినీరు గాదు. వెచ్చని చెఱువులలో, నిలువ నీటిలో నెగ్లీరియా ఫౌలెరీ యను అమీబా యుండవచ్చును. అట్టి నీటిని మ్రింగినందువలన ఈ జబ్బు రాదు. ముక్కు పైభాగమునకు చేరినచో మాత్రము వాసన తెలుపు నాడి వెంట ఆ జీవి మెదడునకు ప్రాకి, కొలది దినములలో ప్రాణము తీయును. 2011వ సంవత్సరమున అమెరికాలోని లూసియానా రాష్ట్రమున ఇరువురు కొళాయినీటితో ముక్కు కడుగుకొని ఈ వ్యాధిచే మరణించిరి. మనకు దూరము గాని కేరళలో 2024వ సంవత్సరమున ఇట్టి అమీబా వ్యాధిచే పిల్లలు చనిపోయిరి. వ్యాధి మిక్కిలి అరుదు. వచ్చినచో బ్రదుకుట అంతకంటె అరుదు.

కావున నీరు తెర్లి బుడగలు లేచిన పిదప ఒక నిమిషమైనను అట్లే మరగవలెను. మేము అయిదు నిమిషములుంచి, మూతపెట్టి చల్లార్తుము. మా బావినీరు అమృతతుల్యమని మా అత్తగారికి గర్వము. దానిని మరిగించుట బావికి అవమానమని వారి తలంపు. వారితో వాదింపక, బాలింతకు కాగిననీరే యిత్తుము గదా యని యంటిమి. ఆ మాట వారికి నచ్చినది. శుద్ధియంత్రమునుండి వచ్చిన నీరును, డబ్బాలలో కొనిన నీరును మరిగింపక వాడరాదు. మిగిలిన నీరు మఱునాటికి నిలువ చేయరాదు.

ఉప్పు లీటరునకు 9 గ్రాములు. పావులీటరునకు రెండుంబావు గ్రాములు, అనగా సన్నని ఉప్పైన చిన్న చెంచాతో అరచెంచాకు కొంత తక్కువ. మన రక్తమందలి ఉప్పదనమునకు ఇది సమీపము గావున ముక్కు మండదు. వట్టి నీరు పోసినచో కండ్ల నీళ్లు తిరుగును. అయొడిను కలుపని ఉప్పు మేలు. చిటికెడు వంటసోడా చేర్చిన మంట మఱింత తగ్గును. కొలిచి కట్టిన పొట్లములు మందుల దుకాణములలో దొరకును. నీరు గోరువెచ్చగా నుండవలెను. పసిబిడ్డ పాలను చూచునట్లు మణికట్టుపై చుక్క వేసి చూడుడు.

పాత్రకొఱకు మేము మొదట ఉగ్గుగిన్నెను దీసితిమి. ముక్కువంటి కొమ్ము దానికున్నది గదా! అయితే అది విప్పారిన దోనె, ముక్కుపుటమున ఇమడదు. నీరు మావారి గడ్డము మీదుగా చొక్కాలోనికి బోయినది. సన్నని గొట్టముగల నేతిపాత్రనే కొనవలసివచ్చెను. తొట్టిమీదికి వంగి, తలను ప్రక్కకు త్రిప్పి, ఒక పుటము పైకిని మఱియొకటి క్రిందికిని ఉండునట్లు చేసికొని, నోరు తెఱచి నోటితోనే ఊపిరి తీయుచు పై పుటమున మెల్లగా పోయవలెను. మాటాడరాదు, నవ్వరాదు. పిదప వైపు మార్చవలెను. ముగిసినంతనే రెండు పుటములు మూసి గట్టిగా చీదిన నీరు చెవులలోనికి దన్నును. వంగి మెల్లగా, మెత్తగా చీదుకొనవలెను. కొంత నీరు లోపలనే దాగియుండును. మేమొకనాడు ముక్కు కడుగుకొని వెంటనే ముగ్గు పెట్టబోగా, వంగినంతనే ధార జారి చుక్కలన్నియు కలిసిపోయినవి. అందుచే పరుండబోవుటకు ముందు చేయక, గంటయైనను వ్యవధి యుంచుడు.

ఈ ఫలితమును జూచి మాకు కొంత అతిశయము కలిగినది. దానివలన ఒక తప్పు చేయబోయితిమి. మా ఆడబిడ్డ మూడేండ్ల కుమారునితో పుట్టింటికి వచ్చినది. పిల్లవానికి పది దినములుగా ముక్కు కారుచున్నది. మేము ఉత్సాహముతో నీరు కాచి, ఉప్పు కలిపి, వానిని పట్టుకొనుమని మా ఆడబిడ్డతో చెప్పితిమి. మా అత్తగారు వాని మొగము దగ్గఱగా చూచి, "ఆగు అమ్మాయీ, పడిశమైతే రెండు వైపులా కారాలి. వీడికి ఒక్క వైపే కారుతోంది, అదీ కంపు" అనిరి. పాత్ర క్రింద పెట్టి వైద్యుని వద్దకు గొనిపోతిమి. లోపలినుండి శనగగింజ వెలువడినది. నీరు పోసియున్నచో అది నాని ఉబ్బి గట్టిగా బిగిసిపోయెడిదని వైద్యులనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. శాస్త్రము చదివితిమనుకొన్న మాకు కానరానిది, అక్షరము రాని వారి ముక్కునకు తెలిసినది.

పసివాండ్రకు ఇంటిలో మీరుగా ఈ పని చేయకుడు. ముక్కు పూర్తిగా మూసికొనియున్నను, చెవిపోటున్నను, తఱచు ముక్కునుండి రక్తము వచ్చుచున్నను, ముక్కునకు శస్త్రచికిత్స జరిగియున్నను వైద్యుని అడుగక చేయరాదు. కంటి చుట్టు వాచినను, జ్వరము తీవ్రమైనను, తలనొప్పితో మెడ బిగిసినను, పది దినములు దాటినను తగ్గకున్నను ఉప్పునీటిని నమ్మి కూర్చుండవలదు. బాధయున్న దినములలో రోజున కొకసారి, మిక్కుటమైన రెండుసార్లు చాలును.

పాత్ర ఎవరిది వారికే యుండవలెను. వాడిన వెంటనే కడిగి, కాగిన నీటితో తొలచి, బోర్లించి ఆరబెట్టవలెను. మా యింట దానిని మొదట వంటింటి గూటిలో నుంచితిమి. మా అత్తగారు ఒకనాడు చీకటిలో నెయ్యి యనుకొని దానినే పప్పులోనికి వంచిరి. నాటినుండి అది మావారి పుస్తకముల బీరువాపై, వ్యాకరణముల ప్రక్కన నున్నది.