పెరట్లో నిలబడిపోయిన పిల్లవాడు

"ఒరేయ్, పళ్ళు తోముకుని, స్నానం చేసి, బట్టలు వేసుకుని, పుస్తకాలు సర్దుకుని రా!" పొద్దున్నే మన ఇళ్ళలో వినిపించే మాటే ఇది. తల్లికి ఒక్క వాక్యం. పిల్లవాడికి నాలుగు ఆజ్ఞలు. చాలామంది ఎలాగో నెట్టుకొస్తారు. కొందరు మాత్రం పెరట్లోకి వెళ్ళి, చేతిలో బ్రష్షుతో చీమల బారు చూస్తూ నిలబడిపోతారు. బద్ధకమంటాడు తండ్రి. పెంకితనమంటారు మాస్టారు. దిష్టి తగిలిందంటుంది నాయనమ్మ. ముగ్గురిలోనూ నాయనమ్మే నయం. నేరం పిల్లవాడి మీద పెట్టలేదు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది. చెప్పింది మనస్సులో నిలుపుకోవడం, పక్కకు పోయే మనస్సును ఆపుకోవడం, దారి మారితే తానూ మారడం - వీటిని కలిపి శాస్త్రజ్ఞులు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. మనం కార్యనిర్వహణ శక్తి అనుకుందాం. తెలివితేటలు వేరు, ఇది వేరు. ఎవరికైనా ఇది పూర్తిగా కుదురుకునేసరికి పాతికేళ్ళు వస్తాయి.

అవధానం చూసినవారికి ఈ శక్తి కొత్త కాదు. నిషిద్ధాక్షరిలో నోటికొచ్చిన అక్షరాన్ని మానుకోవాలి. గంటలు లెక్కపెడుతూనే, విడిచిన పద్యాన్ని మళ్ళీ అందుకోవాలి. మన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు సభలు జయించింది కవిత్వంతో పాటు ఈ శక్తీ ఉండబట్టే. పాపం, మన పిల్లవాడికి రోజూ పొద్దున్నే అమ్మ, నాన్న, టీవీ, స్కూలు బస్సు హారను - ఇందరు పృచ్ఛకులు!

అంతకంటె నన్ను బాధపెట్టేది మరొకటి ఉన్నది. మాట ఆలస్యమైంది కనుక ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా చెప్పేవారున్నారు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే తల్లిదండ్రులకూ ఇలాగే చెబుతూ వచ్చారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు నష్టం కనబడలేదని తరవాతి పరిశోధనలు చెబుతున్నాయి. రష్యాలో విగోత్‌స్కీ రాసిన పుస్తకం 1934లో వచ్చింది. ఆయన చెప్పిందేమంటే, పిల్లవాడు మొదట పెద్దల మాటతో నడుస్తాడు. పిమ్మట ఆ మాటే తనలో తాను గొణుక్కుంటూ పని చేస్తాడు. చివరకది మనస్సులోకి వెళ్ళిపోతుంది. మరి అమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో పొడిపొడిగా ఆజ్ఞాపించి, అమ్మమ్మ అసలు నోరే మూసుకుంటే, వాడు తనకు తాను చెప్పుకోవడానికి ఏ మాట తెచ్చుకుంటాడు?

తెలుగులోనే చెప్పండి, ఒక్కొక్కటే చెప్పండి. ముందు బ్రష్షు. అది అయ్యాక నీళ్ళు. నాలుగు పనులకూ నాలుగు బొమ్మలు గీసి స్నానాల గది తలుపు మీద తగిలించండి. అయినదాన్ని వాడే తిప్పేస్తాడు. మాట రాని పిల్లలకూ బొమ్మలు పనికొస్తాయి. రాజమండ్రి ప్రయాణం ఆగిపోతే, తెలిసిన వెంటనే చెప్పండి, బస్‌స్టాండులో కాదు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి చట్టం ఆటిజాన్ని గుర్తించింది కూడా. అడగడానికి మొహమాటమెందుకు?

సాయంత్రం వామనగుంటల పీట దింపండి. 14 గుంటలు, గింజ తరవాత గింజ వెయ్యాలి, అవతలివాళ్ళ వంతు అయ్యేదాకా ఆగాలి. ఓడినప్పుడు పీట తన్నేస్తే, గింజలు ఇద్దరూ కలిసి ఏరుకుని, మర్నాడు మళ్ళీ ఆడండి.