వాగు దాటాలంటే ఆరుగురు చాలు

వానకాలం వచ్చిందంటే మా ఊరి వాగు మీద కల్వర్టు ఎప్పుడు మునుగుతదో అని చూసుడే. మొన్నటి వరదకు సగం కొట్టుకపోయింది, ఇప్పటికీ మట్టి పోసిన దారే. అందుకే వయనాడ్ వంతెన ముచ్చట నన్ను ఇడిచిపెడ్తలేదు.

2024 జులై 30న కొండచరియలు విరిగిపడి కేరళల చూరల్‌మల, ముండక్కై మధ్య వంతెన పోయింది. 31న పని మొదలువెట్టిన ఆర్మీ ఇంజనీర్లు ఆగస్టు 1 సాయంత్రానికి 190 అడుగుల ఇనుప వంతెన నిలవెట్టిన్రు. 24 టన్నులు మోస్తది. పని నడిపించింది మేజర్ సీతా షెల్కే. కట్టింది మద్రాస్ ఇంజనీర్ గ్రూపు, మన తెలుగు పోరలు కూడ భర్తీ అయ్యే దళం.

దాని పేరు బెయిలీ వంతెన. రెండో ప్రపంచ యుద్ధం మొదట్ల ఇంగ్లండ్‌ల పుట్టింది. ట్యాంకుల బరువు పెరిగింది, పాత మిలిటరీ వంతెనలు ఆగుతలేవు. డొనాల్డ్ బెయిలీ అనే సర్కారు ఇంజనీరు కొత్త వంతెన బొమ్మను కవరు వెనుక గీసిండంటరు.

అప్పట్ల బ్రిటిషోళ్లు గమ్మతు గమ్మతు సామాన్లు చేసిన్రు. పంజాండ్రం అని ఒకటి: పదడుగుల ఎత్తు జంట చక్రాలు, అంచు పొంటి రాకెట్లు, నడుమ డ్రమ్ముల మందుగుండు. 1944 జనవరిల పరీక్ష పెడితే అది చూడొచ్చిన పెద్ద ఆఫీసర్ల దిక్కే మర్లి ఉరికింది! కథ అక్కడ్నే ఒడిసింది.

బెయిలీ లెక్క మనుషుల భుజాల కాడ మొదలైంది. ఒక్క ప్యానెల్ 10 అడుగుల పొడుగు, 260 కిలోల దాక బరువు. ఆరుగురు పడితే లేస్తది, మూడు టన్నుల లారీల పడ్తది. వెల్డింగ్ అక్కర్లే, పిన్నులు కొట్టి జోడించుడే. బరువు ఎక్కువ మోయాల్నా? పక్కకు ఇంకో వరుస, మీద ఇంకో అంతస్తు. ఇవతలి ఒడ్డు మీదనే కట్టి, ముందల ముక్కు లెక్క తేలిక ఫ్రేం తగిలిచ్చి, రోలర్ల మీద అవతలికి నూకుతరు. ముక్కు అవతలి ఒడ్డు అందుకునేదాక వెనుక బరువే వంతెనను వాగుల పడకుండ ఆపుతది. సిసిలీ, ఇటలీలల్ల యుద్ధం అయిపోయేసరికి 3,000కు పైగా కట్టిన్రు.

నా బాధ ఏందంటే, 80 ఏండ్లు దాటిన ఈ సామాను వయనాడ్‌కు ఢిల్లీ నుంచి విమానంల, బెంగళూరు నుంచి లారీలల్ల రావాల్సొచ్చింది. జిల్లాకు ఒక గోదాంల కొన్ని ప్యానెళ్లు పెట్టి, ఐటీఐ సదివిన పోరలకు జోడించుడు నేర్పితే ఏం పోతది?

అట్లని ఇది మాయ వంతెన కాదు. 2020 జూన్‌ల ఉత్తరాఖండ్ మున్సియారీ దిక్కు పొక్లెయిన్‌ను ఎక్కిచ్చుకున్న లారీ రాంగనే బెయిలీ వంతెన కూలింది. బరువు హద్దు ఎవ్వలూ చూడలే. వారంలోపు మళ్ల కట్టిన్రు, అది వేరే ముచ్చట. నాకు ఇంకో భయం కూడ ఉన్నది: తాత్కాలికం అని ఇది ఏసి, పక్కా వంతెనను ఫైళ్లల్ల పండవెడ్తరు.

వచ్చే గ్రామసభల నేనైతే మూడు అడుగుతా. ప్యానెళ్లు ఏ గోదాంల ఉన్నయి? జోడించెటోళ్లు ఎవరు? పక్కా వంతెనకు తారీఖు ఏంది?