ఆ ప్రమాణం కూడా అమానతే

పాతికేళ్ళ క్రితం నా దగ్గర ఖాయిదా చదువుకున్న శిష్యుడొకడు ఈమధ్య షికాగో నుంచి సెలవు మీద కర్నూలు వచ్చాడు. అసర్ నమాజు తరువాత నన్ను తన ఇంటికి తీసుకువెళ్ళాడు. చాయ్ ముందు పెట్టి చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు: "ఉస్తాద్, అమ్మీ కోసం ఒక్క అబద్ధం రాస్తే అల్లాహ్ క్షమించడా?"

విషయం ఇది. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ఐదేళ్ళలో కనీసం ముప్పై నెలలు ఆ దేశంలో గడిపి ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలకు మించి బయట ఉంటే అక్కడి నివాసం తెగిపోయినట్టే అధికారులు భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకోవలసిన భారం దరఖాస్తుదారుడిదే. మా శిష్యుడు తండ్రి మంచాన పడినప్పుడు వచ్చి ఎనిమిది నెలలు ఇక్కడే ఉన్నాడు. స్వహస్తాలతో తండ్రిని ఖబరులో దించి తిరిగి వెళ్ళాడు. ఇప్పుడు తల్లి ఒంటరి. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకునే హక్కు లేదు. పౌరుడైతేనే ఆ హక్కు. అందుకే తొందర. అక్కడ ఫారాలు నింపే ఒక పెద్దమనిషి అతనికి సలహా ఇచ్చాడట: "ఎనిమిది నెలలని ఎందుకు రాస్తావు? ఐదని రాసెయ్. ఎవరు చూడొచ్చారు?"

ఈ ప్రశ్న మా శిష్యుడొక్కడిదే కాదు. హైదరాబాదు నుంచి, గుంటూరు, కడప, నెల్లూరు నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన ఎన్నో ముస్లిం కుటుంబాలది. కనుక అతనికి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన పిల్లలు ఈ రోజు కోరుతున్న హక్కు వారికంటే ముందు వెళ్ళినవారికి సులభంగా దొరకలేదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ అనే సిక్కు సోదరుడి కేసులో, భారతీయులు 'తెల్లవారు' కారు గనుక పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశ సైన్యంలో పనిచేసినవాడు! అప్పటికే పౌరులైన భారతీయుల హక్కులను కూడా ఆ తీర్పు ఆధారంగా రద్దు చేయించారు. 1942లో మిషిగన్‌లో ఒక యెమెన్ ముస్లిం దరఖాస్తును కోర్టు తిరస్కరించింది. అతని మతం, సంస్కృతి ఆ దేశంలో కలవవన్నది చెప్పిన కారణాలలో ఒకటి. రెండేళ్ళకే, 1944లో, మసాచుసెట్స్‌లో మరో న్యాయమూర్తి అరేబియాలో పుట్టిన ముస్లింకు పౌరసత్వం మంజూరు చేశారు. భారతీయులకు ఆ తలుపు తెరిచింది 1946 నాటి చట్టం. దాని కోసం పోరాడినవారిలో జె.జె.సింగ్ ఉన్నారు, ముబారక్ అలీఖాన్ ఉన్నారు. జాతి అనే అడ్డుగోడ చట్టంలోంచి పూర్తిగా తొలగింది 1952లో. ఇంతమంది కష్టపడి తెరిపించిన తలుపులోంచి అబద్ధంతో దూరడం న్యాయమేనా?

ఇక ధర్మం మాట. ముస్లిమేతర దేశపు పౌరసత్వం తీసుకోవచ్చా అన్న విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. వద్దన్నవారి మాటకూ ఒక చరిత్ర ఉంది. ట్యునీషియాను ఫ్రెంచివారు ఏలుతున్న కాలంలో, 1923 నాటి చట్టం ద్వారా అక్కడి ముస్లింలను ఫ్రెంచి పౌరసత్వం వైపు లాగజూశారు. అది తీసుకుంటే నికాహ్, వారసత్వం వంటి విషయాలలో షరీఅత్ వదిలి ఫ్రెంచి చట్టం కిందికి పోవాలి. అందుకే అక్కడి ప్రజలు ఎదురు తిరిగారు. 1932-33లో, ఆ పౌరసత్వం తీసుకున్నవారి మయ్యత్‌లను ముస్లిం ఖబరస్తాన్‌లో పూడ్చనివ్వలేదు. పరాయి పాలకుడు సొంత గడ్డమీదే ధర్మాన్ని అమ్ముకోమన్న సందర్భమది. ఉపాధి కోసం తనంతట తాను వెళ్ళి, నమాజు, రోజా స్వేచ్ఛగా ఆచరించుకుంటూ బతికేవాడి సందర్భం వేరు. దీన్‌కు హాని లేనప్పుడు, భార్యాబిడ్డల భద్రత కోసం పౌరసత్వం తీసుకోవడంలో తప్పు లేదన్న ఉలమాల అభిప్రాయమే నాకు సబబుగా తోస్తుంది.

"పుట్టిన దేశానికి విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేయాలి కదా ఉస్తాద్, గుండె ఒప్పుకోవడం లేదు" అన్నాడు శిష్యుడు. ఒప్పుకోకపోవడం సహజం. హిజ్రత్ వేళ దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా వైపు తిరిగి చూసి, అల్లాహ్ భూమిలో నాకు అత్యంత ప్రియమైన చోటివి నీవే, నీ వాళ్ళు వెళ్ళగొట్టకపోతే నిన్ను విడిచేవాణ్ణి కానన్న భావంతో పలికారు. పుట్టిన గడ్డమీద ప్రేమ ఈమాన్‌కు అడ్డు కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? అయితే ఆ తరువాతి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అఖబా వద్ద మదీనా వాసులకు మహాప్రవక్త (స) మాటిచ్చారు: మీ వారు నా వారు, మీ శత్రువు నా శత్రువు అని. హిజ్రీ 8లో మక్కా ఆయన చేతికే వచ్చింది. ఇక మనల్ని విడిచి సొంతవారితో ఉండిపోతారేమోనని అన్సార్లు దిగులుపడ్డారు. కానీ ఆయన తిరిగి మదీనాకే వచ్చారు. అక్కడే జీవించారు, అక్కడే కన్నుమూశారు. ప్రేమ మక్కా మీద ఉన్నా, మాట మదీనాకు ఇచ్చారు. అందుకే నిలబడ్డారు.

అమెరికా ప్రమాణంలో ఒక షరతు ఉంది. మనసులో మరొకటి దాచుకోకుండా, తప్పించుకునే ఉద్దేశం లేకుండా ఈ బాధ్యత స్వీకరిస్తున్నానని చెప్పాలి. చిన్నప్పటి నుంచి మనం మదరసాలో చెప్పే నియ్యత్ పాఠం ఇదే కదా! ఆయుధం పట్టే విషయంలో ధార్మికమైన అభ్యంతరం నిజంగా ఉన్నవారికి ఆ వాక్యాన్ని మినహాయించే వీలు కూడా వారి చట్టంలో ఉంది. అడిగే దారి ఉండగా, పైకి చదివి లోపల కాదనుకోవడం కపటమే.

ఇప్పుడు ఆ ఎనిమిది నెలల సంగతికి వద్దాం. బద్ర్ యుద్ధానికి ముందు హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి ఖురైషుల చేతికి చిక్కారు. యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకుని ఖురైషులు వారిని వదిలిపెట్టారు. వారు వచ్చి సంగతి చెప్పగా, ఇచ్చిన మాట నిలుపుకోండి, యుద్ధానికి రావద్దని ప్రవక్త (స) ఆదేశించారు. ముస్లింల బలం మూడు వందల పైచిలుకే ఉన్న రోజది! ప్రాణం తీయడానికి వచ్చిన శత్రువుకిచ్చిన మాటే అంత విలువైనదైతే, ఉద్యోగమిచ్చి, పిల్లలకు బడి చూపిన దేశం ముందు ప్రమాణపూర్వకంగా సంతకం చేసిన మాట విలువ ఎంత? ఒప్పందం గురించి ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరాలో దివ్య ఖుర్‌ఆన్ హెచ్చరిస్తోంది. ఆ ఒప్పందం ముస్లింతోనే అయి ఉండాలన్న షరతు అక్కడ లేదు.

ఇలాంటి ప్రలోభాలు మరికొన్ని నా చెవిన పడ్డాయి. ఒకే కాలంలో ఒకరికంటే ఎక్కువమందితో వివాహబంధం ఉందా అని ఆ ఫారంలో అడుగుతారు. రెండో నికాహ్ ఇక్కడ చేసుకున్న ఒకాయన, "అది సర్కారు కాగితాల్లో లేదు కదా" అని 'లేదు' రాయబోయాడట. అయ్యా, ఇద్దరు సాక్షుల ముందు, అల్లాహ్ పేరు మీద ఖబూల్ చేసిన స్త్రీని కాగితం మీద లేదంటావా? చెల్లించని పన్నుల గురించి అడుగుతారు. పద్ధెనిమిది నుంచి ఇరవై ఆరేళ్ళలోపు అక్కడ ఉన్న మగపిల్లలు సైనిక జాబితాలో పేరు రాయించుకున్నారా అని అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ ఉన్నదున్నట్టు రాయాలి. కీలకమైన సంగతి దాచి పొందిన పౌరసత్వాన్ని ఏళ్ళ తరువాతనైనా కోర్టు ద్వారా రద్దు చేయించే అధికారం వారికి ఉంది. అంటే అబద్ధం మీద కట్టిన ఇల్లు ఈ లోకంలోనే కూలవచ్చు. పరలోకం సంగతి సరేసరి.

నిజం రాస్తే అన్నీ సాఫీగా సాగుతాయని నేను చెప్పను. ముస్లింల దరఖాస్తులు అక్కడ అకారణంగా నలిగిన సందర్భాలున్నాయి. 2008లో భద్రత పేరిట గుట్టుగా ఒక పరిశీలన విధానం మొదలుపెట్టారు. దానివల్ల అర్హులైన ముస్లింలు ఏళ్ళ తరబడి నిలిచిపోయారంటూ 2017లో సియాటిల్ ఫెడరల్ కోర్టులో సామూహిక దావా పడింది. అన్యాయాన్ని అబద్ధంతో ఎదుర్కోకుండా, ఆ సోదరులు చట్టం ద్వారా ఎదుర్కొన్నారు. ఇంటర్వ్యూ అయిన 120 రోజులలోగా నిర్ణయం చెప్పకపోతే ఫెడరల్ కోర్టుకు వెళ్ళే హక్కు ప్రతి దరఖాస్తుదారుడికీ ఉంది. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. చదువు విషయంలోనూ బద్ధకం పనికిరాదు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసేవారికి 128 ప్రశ్నలు ఇచ్చి, వాటిలో 20 వరకు అడిగి, 12 సరిగ్గా చెప్పాలంటున్నారు. అంతకుముందు 100లో 10 అడిగి, ఆరు చెబితే చాలనేవారు.

పౌరసత్వం వచ్చాక ఇక్కడి లెక్క కూడా తేల్చుకోవాలి. మన పౌరసత్వ చట్టం, 1955 ప్రకారం, మరో దేశపు పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్ననాడే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు తిరిగి అప్పగించాలి. ఓ.సి.ఐ. కార్డు తీసుకుంటే రాకపోకలకు వీసా బాధ ఉండదు. కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలుండదు. మనలో కొందరు అక్కడ ప్రమాణం చేసి, ఇక్కడి ఓటరు జాబితాలో పేరు అలాగే ఉంచుకుంటున్నారు, ఎన్నికల వేళ సెలవు కలిసొస్తే ఓటు కూడా వేసి వెళుతున్నారు. ఇది రెండు దేశాలకూ చేసే మోసం. ఈ దేశంలో మన పౌరసత్వాన్నే అనుమానించేవారున్న రోజులలో, ఇలాంటి ఒక్కడి పని ఊళ్ళో ఉన్న వందమందికి మచ్చ తెస్తుంది.

పెద్దల విషయంలో ఒక విన్నపం. అమ్మానాన్నలను పిలిపించుకునేవారు ముందు వారి మనసు అడగండి. అక్కడే వృద్ధులైనవారికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. యాభై దాటి ఇరవై ఏళ్ళుగా, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్ళుగా గ్రీన్‌కార్డుతో ఉన్నవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా, దుబాసీ సాయంతో ఉర్దూలోనో తెలుగులోనో జవాబులు చెప్పవచ్చు. అయినా "నా ఖబరు నా ఊళ్ళోనే" అనే తండ్రి ఉంటే ఆయనను బలవంతపెట్టకండి. సేవ అంటే వారిని మన దగ్గరికి లాక్కోవడమొక్కటే కాదు, మనం వారి దగ్గరికి రావడం కూడా.

నేనిదంతా చెబుతుండగా పరదా వెనుక నుంచి ఆ తల్లి అడిగింది: "మౌల్వీ సాబ్, నిజం రాస్తే ఎన్నేళ్ళు ఆలస్యమవుతుంది?"

"చెప్పలేనమ్మా. తండ్రి జబ్బు కాగితాలు, అక్కడ భార్యాబిడ్డలు ఉన్నారన్న రుజువు, అద్దె రసీదులు, పన్ను పత్రాలు చూపితే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే మరి కొన్నేళ్ళు ఆగాలి" అన్నాను.

కాసేపు మౌనం. "వాడి అబ్బాకు వాడు ఎనిమిది నెలలు చేసిన ఖిద్మత్‌ను వాడి చేత్తోనే ఐదని రాయించకండి. నేను ఆగుతాను" అంది.

నేను ఇచ్చిన దలీళ్ళన్నిటికంటే ఆ ఒక్క మాటే బలంగా పనిచేసింది. శిష్యుడు ఎనిమిది నెలలనే రాసి దరఖాస్తు పంపాడు. జవాబు ఇంకా రాలేదు. ఆ తల్లి నిరీక్షణను అల్లాహ్ సులభతరం చేయుగాక! ఎక్కడ నివసించినా ఇచ్చిన మాట తప్పని పౌరులుగా మన పిల్లలను నిలబెట్టుగాక! ఆమీన్.