తెర మీద మన ఇల్లు

తెర మీద ఒక పాత్రకు సలీం అనో, అన్వర్ అనో పేరు పెట్టగానే అతడు చివరకు ఏమవుతాడో మన పిల్లలు ముందే చెప్పేస్తున్నారు. అయితే బాంబు పెట్టేవాడు కావాలి, లేదా కథానాయకుడి కోసం ప్రాణాలర్పించే స్నేహితుడు కావాలి. పాత చిత్రాల్లోనైతే నవాబు కావాలి. తెల్లవారుజామున లేచి పనికి వెళ్లేవాడు, ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు లెక్కలు వేసుకునేవాడు, కూతురి నికాహ్ గురించి దిగులుపడేవాడు అయిన సలీం మాత్రం మన వెండితెరపై చాలా అరుదు. నిజానికి అటువంటి సలీంలు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. పిల్లవాడు అద్దంలో తన ముఖాన్ని చూసుకున్నట్లే తెర మీద తన పేరును చూసుకుంటాడు. పదే పదే అదే వికృత రూపం కనిపిస్తే, నలుగురిలో తన పేరు చెప్పుకోవడానికి జంకుతాడు. లేదా లోకమంతా తనకు విరోధమేనని నమ్ముతాడు. రెండూ నష్టమే. ‘ఆ సినిమా చూడకు’ అని చెప్పినంత మాత్రాన ఈ నష్టం తీరదు. చూడదగినది ఏదో కూడా మనమే చూపించాలి.

సినిమాలే చూడని కుటుంబాలు మన పాఠకులలో ఉన్నాయి. వారి నిర్ణయం గౌరవించదగినది. ఈ మాటలు, తెర ఇప్పటికే ఇంట్లోకి వచ్చేసిన కుటుంబాల కోసం. ఫోను రూపంలో అది పిల్లల చేతిలోనే ఉన్నప్పుడు, ఏది చూడాలన్న ఎంపికను యాదృచ్ఛికానికి వదిలేయడం తగదు. అందుకే ఈ నెల ఐదు చిత్రాలను పరిచయం చేస్తున్నాము. వీటిలో ఒక్కటీ తెలుగు చిత్రం కాదు. సినీ అభిమానులు గొప్పగా చెప్పుకునే చిత్రాలే అయినా, మన ఇళ్లలో వీటి పేర్లు వినిపించడం తక్కువ.

మొదటిది ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. అలీ అనే బాలుడు చెల్లెలు జహ్రా బూట్లను మరమ్మతు చేయించి తెస్తూ దారిలో పోగొట్టుకుంటాడు. కొత్తవి కొనే స్థోమత నాన్నకు లేదని పిల్లలకు తెలుసు. అందుకే ఆ మాట ఆయన చెవిన పడకుండా దాచి, అలీ బూట్లనే ఇద్దరూ పంచుకుంటారు. ఉదయం బడికి చెల్లెలు తొడుక్కుని వెళుతుంది. మధ్యాహ్నం బడికి అన్నయ్య అవే తొడుక్కోవాలి. మధ్యలో ఆ సన్నని సందుల గుండా పరుగే పరుగు. కథంతా ఇంతే. ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి ఇరాన్ చిత్రం ఇదే. 2010లో దీనిని హిందీలో ‘బమ్ బమ్ బోలే’ పేరుతో మళ్లీ తీశారు. అయినా మూలాన్నే చూడండి.

ఇందులో రెండు సన్నివేశాలను పిల్లలతో తప్పక చర్చించాలి. పిల్లల తండ్రి మసీదు కోసం తెచ్చిన చక్కెర గడ్డలను ఇంట్లో కూర్చుని చిన్న ముక్కలుగా కొడుతుంటాడు. జహ్రా ఆయనకు చక్కెర లేని టీ తెచ్చిస్తుంది. చక్కెర అడిగితే, ఎదురుగా అంత ఉంది కదా అంటుంది. అది మసీదుది, మనది కాదని ఆయన జవాబు. అమానతు అనే మాటకు మనం ఎంత వివరణ ఇచ్చినా, ఆ అరనిమిషం చెప్పినంతగా చెప్పలేము. రెండవది, జహ్రా తన బూట్లను బడిలో మరొక బాలిక కాళ్లకు చూసే ఘట్టం. అన్నాచెల్లెళ్లు ఆ అమ్మాయి వెంట వాళ్ల ఇంటిదాకా వెళతారు. ఆమె తండ్రికి చూపు లేదని తెలుస్తుంది. ఇద్దరూ మాట్లాడకుండా వెనుదిరుగుతారు. తమకన్నా కష్టంలో ఉన్నవారిని చూసినప్పుడు హక్కును కూడా వదులుకోవచ్చునని వారికి ఎవరూ ఉపదేశించలేదు. అది వారి ఇంట్లోనే ఉంది.

రెండవ చిత్రమూ ఇరాన్‌దే. అబ్బాస్ కియరొస్తామీ 1987లో తీసిన దీని పేరుకు ‘స్నేహితుడి ఇల్లు ఎక్కడ?’ అని అర్థం. ఉత్తర ఇరాన్‌లోని కోకర్ గ్రామంలో అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున తోటి విద్యార్థి నోటుపుస్తకాన్ని తన సంచిలో వేసుకుని ఇంటికి వస్తాడు. నోటుపుస్తకంలో హోంవర్కు రాయకపోతే ఆ స్నేహితుణ్ణి బడి నుంచి పంపించేస్తానని ఉపాధ్యాయుడు అప్పటికే హెచ్చరించాడు. పుస్తకం అప్పగించాలి. స్నేహితుడి ఇల్లు కొండ అవతలి ఊళ్లో ఎక్కడో తెలియదు.

ఈ చిత్రం పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ అవసరం. అహ్మద్ చెప్పేది తల్లి వినిపించుకోదు. హోంవర్కు రాసుకో, ఉయ్యాల ఊపు, రొట్టెలు తీసుకురా అని పనులు చెబుతూనే ఉంటుంది. ఆమె చెడ్డది కాదు, ఇంటిపనితో తీరిక లేనిది. తాతగారైతే సిగరెట్లు తన దగ్గర ఉండగానే తెమ్మని పంపుతాడు. మాట వినడం నేర్పడానికట! పిల్లవాడు పెద్దల మాటను కాదని వెళ్లడం అవిధేయతా, ఇచ్చిన బాధ్యతను నిలబెట్టుకోవడమా అన్న ప్రశ్నను దర్శకుడు ఎక్కడా నోటితో అడగడు, మనచేతనే అడిగిస్తాడు. మన ఇళ్లలో ‘పెద్దల మాట విను’ అన్న బోధ ఎంత గట్టిగా వినిపిస్తుందో, ‘పిల్లల మాట విను’ అన్నది అంత నెమ్మదిగా కూడా వినిపించదు. ఈ చిత్రం చూసిన రాత్రి తల్లిదండ్రులు దీనిని గురించి కాసేపు ఆలోచిస్తే మేలు. ఇందులో నటించినవారు వృత్తి నటులు కారు, సామాన్య ప్రజలే. 1990లో ఆ ప్రాంతాన్ని భూకంపం కుదిపేసినప్పుడు, తన చిత్రంలో నటించిన పిల్లలను వెతుక్కుంటూ కియరొస్తామీ అక్కడికి వెళ్లారు. ఆ అన్వేషణే 1992లో మరొక చిత్రానికి కథ అయింది.

ఇరాన్ పిల్లల్లో మన పిల్లల గుణాలు కనిపిస్తాయి. కానీ మన పేర్లు మోసే బరువు ఏమిటో తెలియాలంటే మన దేశానికే రావాలి. ఎం.ఎస్. సత్యు దర్శకత్వంలో వచ్చిన ‘గరమ్ హవా’ ఆ బరువును తూచి చూపించింది. 1973లో సిద్ధమైన ఈ చిత్రం సెన్సారు వద్ద కొన్ని నెలలు ఆగిపోయి, ఆ తరువాతనే ప్రేక్షకులకు చేరింది. ఇస్మత్ చుగ్తాయి కథను కైఫీ ఆజ్మీ, షమా జైదీ చిత్రానువాదంగా మలిచారు. దేశ విభజన తరువాత ఆగ్రాలో బూట్ల కర్మాగారం నడిపే సలీం మీర్జాగా బల్రాజ్ సాహ్నీ నటించారు. ఆయన భార్య పాత్ర ధరించిన షౌకత్ కైఫీ మన హైదరాబాదు ఆడపడుచు.

బంధువులు ఒక్కొక్కరే సరిహద్దు దాటి వెళ్లిపోతుంటారు. వారిని రైలెక్కించి టాంగాలో ఒంటరిగా తిరిగి రావడం సలీం మీర్జాకు అలవాటుగా మారుతుంది. ఈయన కూడా రేపో మాపో వెళ్లిపోతాడన్న అనుమానంతో అప్పు పుట్టదు. హవేలీ చేజారిపోతుంది. అద్దె ఇంటి కోసం తిరిగితే పేరు విన్న వెంటనే తలుపులు మూసుకుంటాయి. నగరాలలో అద్దె ఇల్లు వెతికిన పాఠకులకు ఈ ఘట్టం పాతకాలపు కథలా అనిపించదు. ఇన్ని జరిగినా ఆ మనిషి గొంతు పెంచడు, ద్వేషాన్ని ఇంట్లోకి రానివ్వడు. ఆయన సహనం చేతకానితనం కాదని చిత్రం ముగిసేసరికి అర్థమవుతుంది. పెళ్లికూతురిగా అడుగుపెట్టిన ఇంటిని వదలనని కట్టెల గదిలో దాక్కునే ఆయన వృద్ధ మాతను చూసి కంట తడి పెట్టని దాదీమా ఉండదు. ఈ చిత్రంలో కూతురు ఆమినా కథ విషాదంగా, ఆత్మహత్యతో ముగుస్తుంది. కాబట్టి చిన్నపిల్లలకు చూపవద్దు. పదహారేళ్లు దాటినవారితో కలిసి చూసి, తరువాత తప్పక మాట్లాడండి.

గరమ్ హవా అంటే వడగాలి. నసీమ్ అంటే పిల్లగాలి. 1995లో సయీద్ అఖ్తర్ మీర్జా తీసిన చిత్రానికీ, అందులోని పదిహేనేళ్ల బాలికకూ అదే పేరు. వడగాలికి మాటలు రాసిన కైఫీ ఆజ్మీయే ఇందులో మంచం పట్టిన తాతగా నటించడం విశేషం. కథాకాలం 1992 జూన్ నుంచి డిసెంబరు వరకు, స్థలం ముంబయి. బయట వాతావరణం రోజురోజుకూ వేడెక్కుతుంటే, లోపల తాత మనవరాలికి తన యౌవనకాలపు ఆగ్రా ముచ్చట్లు చెబుతుంటాడు. పాకిస్తాన్‌కు ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబులో రాజకీయాలు లేవు. ఇంటి దగ్గరి ఒక చెట్టు ఉంది, అది ఇష్టమైన ఆయన భార్య ఉంది. సొంతగడ్డ మీద మమకారాన్ని ఇంతకన్నా నిరాడంబరంగా చెప్పడం కష్టం. ఈ చిత్రానికి మీర్జాకు ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది. అయినా చూసినవారు కొద్దిమందే. మన ఇళ్లలో తాతలూ నానీలూ ఉండగానే వారి కథలు అడిగి తెలుసుకోవాలన్న తొందర ఈ చిత్రం చూశాక కలుగుతుంది. అదే దీని ఫలితం.

ఇంత భారం తరువాత మనసారా నవ్వుకోవడానికి ఐదవ చిత్రం. 2018లో జకరియా దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’. కేరళలోని మలప్పురంలో జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే ‘సెవెన్స్’ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మజీద్ అనే యువకుడు నడిపే జట్టులో ఆడటానికి నైజీరియా నుంచి శామ్యూల్ వస్తాడు. ఆఫ్రికా వాడైతే చాలు, ఆ ఊరివారికి అందరూ ‘సుడానీ’లే! శామ్యూల్ కాలు విరుగుతుంది. ఆసుపత్రి ఖర్చు భరించలేక మజీద్ అతణ్ణి ఇంటికి తెస్తాడు. మజీద్ తల్లి జమీలాకు, పొరుగింటి బీయుమ్మకు అతని భాష రాదు, అతనికి వీరి భాష రాదు. అతని మతమూ వేరే. అయినా అతనికి తినిపించడంలో, ఓదార్చడంలో ఆ ఇద్దరమ్మలకు ఏ లోటూ ఉండదు. అతిథి మర్యాద గురించి ఒక్క ఉపన్యాసమూ లేకుండా అతిథి మర్యాదను చూపిన చిత్రమిది.

దీని లోపల మరొక కథ ఉంది. జమీలా మరో నికాహ్ చేసుకుంది. ఆ పెద్దమనిషి నెమ్మదస్తుడు, రాత్రి కాపలా పని చేసుకునేవాడు. మజీద్‌కు ఆయనంటే పడదు. ఆయన ఇంట్లోకి వస్తే ఇతడు ముఖం తిప్పుకుంటాడు. తల్లి ఆ నిశ్శబ్దాన్ని భరిస్తుంటుంది. భర్తను కోల్పోయిన స్త్రీ పునర్వివాహానికి మన ధర్మంలో అడ్డు లేదు. అడ్డు మన ఇళ్లలోని కొడుకుల బిడియంలో, బంధువుల నోళ్లలో ఉంది. ఈ సంగతి తెలిసీ మాట్లాడుకోని కుటుంబాలు ఎన్నో. వారు ఈ చిత్రాన్ని కలిసి చూడటం ఆ మాటకు మంచి ఆరంభం కాగలదు.

ఈ ఐదింటిలోనూ కనిపించేది ఒకటే. వీటిలోని ముస్లిములు ఏదో నిరూపించుకోవడానికి తెర మీదకు రాలేదు. తాము మంచివారమని ఎవరినీ ఒప్పించబోరు. బూట్లు పోగొట్టుకుంటారు, పుస్తకం తిరిగి ఇవ్వడానికి కొండ ఎక్కుతారు, అద్దె ఇల్లు వెతుకుతారు, మనవరాలికి కథలు చెబుతారు, కాలు విరిగినవాడికి అన్నం పెడతారు. చూసే పిల్లవాడికి అర్థమయ్యేది ఏమిటంటే, తన ఇల్లు కూడా కథ కాదగినదే, తన నాన్న కూడా కథానాయకుడు కాదగినవాడే.

చూసే పద్ధతి గురించి కొన్ని మాటలు. ముందుగా పెద్దలలో ఒకరు చిత్రాన్ని పూర్తిగా చూసి, ఎవరి వయసుకు ఏది తగునో నిర్ణయించండి. ఎనిమిది, పదేళ్ల పిల్లలుంటే అలీ, జహ్రాలతో మొదలుపెట్టండి. పరభాషా చిత్రాలు కాబట్టి తెర కింద వచ్చే అక్షరాలను ఇంట్లో చదువుకుంటున్న పిల్లలచేత దాదీమాకు తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పించండి. పిల్లలకు భాష పట్టుబడుతుంది, పెద్దావిడకు తోడు దొరుకుతుంది. నమాజు వేళకు ఆపి, తిరిగి కొనసాగించండి. ఒకే కూర్చుళ్లో ముగించవలసిన పని లేదు. చిత్రం అయిపోగానే ‘దీని నీతి ఏమిటి?’ అని పరీక్ష పెట్టకండి. ‘నీవైతే ఏం చేసేవాడివి?’ అని అడగండి. ఆ తరువాత, కోకర్ గ్రామపు అహ్మద్‌ను తలచుకుని, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.