కాలిబాట మీది ప్రాణానికి జవాబుదారీ ఎవరు?

2002 సెప్టెంబరు 28 వేకువన ముంబయి బాంద్రాలో బేకరీ ముందు నిద్రిస్తున్న శ్రామికులపైకి కారు దూసుకెళ్లి ఒకరు మరణించారు, నలుగురు గాయపడ్డారు. 2015 మే 6న సెషన్స్ కోర్టు నటుడు సల్మాన్ ఖాన్‌కు ఐదేళ్ల శిక్ష విధించింది. అదే రోజు హైకోర్టు బెయిలిచ్చింది; డిసెంబరు 10న నేరం రుజువు కాలేదని అప్పీలులో నిర్దోషిగా ప్రకటించింది.

సందేహఫలం ముద్దాయికి దక్కడం న్యాయమే. కానీ ఆ సాయంత్రపు బెయిలు, ఏడు నెలల అప్పీలు పేద ఖైదీకి ఎందుకు దక్కవు? మన జైళ్లలో నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. వారిలో ముస్లింలు జనాభా నిష్పత్తికి మించి ఉన్నారు. ఇక్కడ నిందితుడూ, మృతుడూ ముస్లింలే. వారిని వేరుచేసింది మతం కాదు, ధనం.

పదమూడేళ్లకు కూడా దోషిని తేల్చలేని రాజ్యం ఆ మృతుని కుటుంబానికి ఏమని బదులిస్తుంది?